యు.ఎస్.బి. ప్లగ్గు కథ – అందులో కోడు పరీక్షకుల పాత్ర

మీ పాఠశాలలో 1995–2000 ప్రాంతపు కంప్యూటరు ఏదైనా మూలన పడి ఉంటే దాని వెనుకవైపు ఒకసారి పరిశీలించండి. ప్రింటరుకు ఇరవై అయిదు రంధ్రాల పొడుగాటి సాకెట్టు, మోడెమ్ వంటి వాటికి తొమ్మిది పిన్నుల చిన్న సాకెట్టు, తెరకు పదిహేను రంధ్రాల సాకెట్టు కనబడతవి. ఒకదాని ప్లగ్గు మరొకదానిలో దూరదు. తెలియనివాడు తప్పు చేయబోయినా ఆ లోహపు ఆకారమే అడ్డుపడుతుంది. కీబోర్డు, మౌసు మాత్రం దీనికి మినహాయింపు. ఆ రెండింటికీ ఒకే గుండ్రని ఆకారం, ఒకే ఆరు పిన్నులు. ఒకదాని ప్లగ్గు మరొకదానిలో నిక్షేపంగా దూరుతుంది గాని పని చేయదు. అందుకనే తయారీదారులు ఒకదానికి ఊదారంగు, మరొకదానికి ఆకుపచ్చరంగు వేయవలసి వచ్చినది. ఆకారాలు ఒకటైన చోట తేడా తెలుసుకొనడానికి మరేదో సాధనం కావాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే చరిత్ర అంతా ఆ సాధనం గురించినదే.

1994లో కాంపాక్, డెక్, ఐ.బి.ఎం., ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్.ఇ.సి., నార్టెల్ అనే ఏడు సంస్థలు కలిసి, ఈ సాకెట్ల సంతను ఒక్కటిగా చేసే పనికి పూనుకొన్నవి. ఇంటెల్‌లో ఈ కృషికి ముఖ్యులలో ఒకరు అజయ్ భట్ అనే భారతీయుడు. బరోడాలోని మహారాజా సాయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు. 1996 జనవరిలో యు.ఎస్.బి. మొదటి ప్రమాణ పత్రం వెలువడినది. అందులో తీగలు నాలుగే: రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. వేగం సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు గాని, పన్నెండు మెగాబిట్లు గాని.

అసలు మార్పు వేగంలో కాదు, గుర్తింపులో వచ్చినది. యు.ఎస్.బి. సాకెట్టులో ఏ పరికరం పెట్టినా ఆకారం ఒకటే కాబట్టి, లోపల ఏమి చేరినదో కంప్యూటరుకు చూపుతో తెలియదు. అది అడిగి తెలుసుకొంటుంది. పరికరం తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను చెబుతుంది. ఒక్కొక్కటి పదహారు బిట్ల సంఖ్య. ఆ సంఖ్యలను చూచి కంప్యూటరు తగిన డ్రైవరును, అనగా ఆ పరికరంతో వ్యవహరించడం తెలిసిన ప్రోగ్రామును, పిలుస్తుంది. ఇదివరలో లోహం చేసిన కాపలా ఇప్పుడు ప్రోగ్రాము చేతికి వచ్చినదన్నమాట.

ఆ కాపలా ఎంత సున్నితమైనదో త్వరలోనే లోకానికి తెలిసినది. 1998 ఏప్రిల్‌లో షికాగో నగరంలో కామ్‌డెక్స్ ప్రదర్శన జరిగినది. వేదికపై బిల్ గేట్స్ ఉండగా, ఆయన సహచరుడు రానున్న విండోస్ 98 సామర్థ్యాన్ని చూపడానికి ఒక స్కానరును యు.ఎస్.బి. ద్వారా తగిలించాడు. తగిలించిన కొద్ది క్షణాలకే వెనుకనున్న పెద్ద తెరంతా నీలం రంగుకు తిరిగి, యంత్రం ఆగిపోయినది. సభ నవ్వింది, గేట్స్ కూడా నవ్వాడు. ఒక చిన్న పరికరాన్ని తగిలిస్తే యంత్రం మొత్తం ఎందుకు ఆగిపోవాలని విద్యార్థి అడగవచ్చు. కారణం కెర్నెల్.

కెర్నెల్ అంటే నిర్వహణ వ్యవస్థకు నడిబొడ్డు. జ్ఞాపకశాలను పంచడం, ప్రోగ్రాములను నడపడం, పరికరాలతో మాట్లాడడం దాని పనులు. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే కెర్నెల్ దానిని ఆపి మిగిలినవాటిని కాపాడుతుంది. తప్పు కెర్నెల్‌లోనే జరిగితే కాపాడేవాడు పైన ఎవడూ లేడు. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్ లోపలనే నడుస్తవి. కాబట్టి డ్రైవరులో ఒక్క పంక్తి వంకరైతే యంత్రమంతా కూలవచ్చును.

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌కు ఒక విశేషం కలదు. దాని కోడు బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్పు సూచించవచ్చు. అందులో యు.ఎస్.బి.కి గట్టి పునాది 2001 జనవరిలో వెలువడిన 2.4 సంచికతో ఏర్పడినది. ఇక్కడ కోడు పరీక్ష అనే పద్ధతిని గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒకరు వ్రాసిన ప్రోగ్రామును మరొకరు పంక్తి పంక్తిగా చదివి తప్పులు పట్టడం లినక్స్‌తో పుట్టిన ఆచారం కాదు. ఐ.బి.ఎం.లో మైకేల్ ఫాగన్ ఈ పనికి ఒక క్రమం ఏర్పరచి 1976లో వ్యాసం ప్రకటించాడు. ఆయన పద్ధతిలో నలుగురు ఒక గదిలో కూర్చొని, పాత్రలు పంచుకొని, వ్రాసినవాని ఎదుటనే చదివేవారు. లినక్స్‌లో గది లేదు. వ్రాసినవాడు ఒక దేశంలో, చదివేవాడు మరొక దేశంలో. మార్పును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, తీసివేసిన పంక్తికి ముందు తీసివేత గుర్తు, చేర్చిన పంక్తికి ముందు కూడిక గుర్తు పెట్టి, ఎందుకు మార్చవలసి వచ్చినదో వివరిస్తూ పంపుతారు. చదివినవారు ఆ పంక్తుల కిందనే తమ ఆక్షేపణలు వ్రాస్తారు. 2004 నుంచి ప్రతి ముక్క కింద వ్రాసినవారి పేరు, దానిని పైకి పంపినవారి పేరు సంతకం వలె ఉండాలనే నియమం వచ్చినది. చదివి సరి అన్నవారి పేరు కూడా చేరుస్తారు. తప్పు బయటపడిన రోజున, దీనిని ఎవరు చూచారు అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది. ఈ ఏర్పాటు నాకు మన ప్రయోగశాలల రికార్డు పుస్తకాన్ని గుర్తుకు తెస్తుంది. తేడా ఏమంటే మన రికార్డులో చాలాసార్లు సంతకం చదవకుండానే పడుతుంది.

2000 ఏప్రిల్‌లో యు.ఎస్.బి. వేగం 480 మెగాబిట్లకు, 2008లో అయిదు గిగాబిట్లకు పెరిగినది. ఆ ఘట్టాలను దాటి 2014 ఆగస్టుకు వద్దాము. ఆ నెలలో టైప్–సి అనే కొత్త కనెక్టరు ప్రమాణం వెలువడినది. ఇప్పుడు చాలా ఫోన్లకు ఉన్న, అండాకారపు చిన్న సాకెట్టు అదే. ఆ చిన్న చోటులో ఇరవై నాలుగు పిన్నులు కలవు. నాలుగు విద్యుత్తుకు, నాలుగు భూమికి, నాలుగు పాత యు.ఎస్.బి. సమాచారానికి, ఎనిమిది అతివేగ సంకేతాలకు, అనగా నాలుగు జతలు, రెండు పక్కదారి పిన్నులు, మిగిలిన రెండు సి.సి. అని పిలువబడే పిన్నులు. పై వరుస, కింది వరుస ఒకదానికొకటి తిరగేసిన ప్రతిబింబాలు. అందుచేత ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది.

ఎటు తిప్పినా దూరినప్పుడు, ఎటు తిప్పారో యంత్రానికి తెలియవద్దా? ఇక్కడే ఓమ్ సూత్రం సాయానికి వస్తుంది. సాకెట్టులో సి.సి. పిన్నులు రెండు ఉన్నా, కేబులులో సి.సి. తీగ ఒక్కటే. విద్యుత్తు ఇచ్చే పక్షం తన పిన్నులను ఒక నిరోధకం ద్వారా పై వోల్టేజికి కలుపుతుంది. పుచ్చుకొనే పక్షం 5.1 కిలో ఓముల నిరోధకంతో భూమికి కలుపుతుంది. ఏ పిన్నుపై మధ్యస్థ వోల్టేజి కనబడినదో దానిని బట్టి ప్లగ్గు దిశ తెలుస్తుంది. అంతే కాదు, ఆ వోల్టేజి పరిమాణం వల్ల ఎంత విద్యుత్తు తీసుకొనవచ్చునో కూడా తెలుస్తుంది. పాత రకం చార్జరు నుంచి టైప్–సి ఫోనుకు వేసే కేబులులో, అయిదు వోల్టుల తీగకు, సి.సి. తీగకు నడుమ 56 కిలో ఓముల నిరోధకం ఉండాలి. అప్పుడు సి.సి. పై వోల్టేజి 5 × 5.1 ÷ 61.1, అనగా ఇంచుమించు 0.42 వోల్టులు. దాని అర్థం: మామూలు మోతాదులోనే తీసుకో. అదే చోట 10 కిలో ఓముల నిరోధకం పెడితే 5 × 5.1 ÷ 15.1, అనగా ఇంచుమించు 1.69 వోల్టులు. దాని అర్థం: మూడు ఆంపియర్లు తీసుకో. కేబులు చెప్పిన మాట నమ్మి ఫోను మూడు ఆంపియర్లు లాగితే, అంత ఇవ్వలేని పాత చార్జరు గాని, కంప్యూటరు సాకెట్టు గాని వేడెక్కి చెడవచ్చును.

ఇది ఊహ కాదు. 2015లో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లూంగ్ బజారులో అమ్మే టైప్–సి కేబుళ్లను తన చేతి సొమ్ముతో కొని ఒక్కొక్కటే పరీక్షించసాగాడు. 56కు బదులు 10 కిలో ఓముల నిరోధకం పెట్టినవి చాలా బయటపడినవి. 2016 ఫిబ్రవరిలో ఒక కేబులులో విద్యుత్తు తీగ, భూమి తీగ తారుమారై ఉండి, దానిని తగిలించగానే ఆయన పరీక్షకు వాడే కంప్యూటరే పాడైపోయినది. ఆకారం ఎక్కడా తప్పు చెప్పలేదు. ప్లగ్గు చక్కగానే దూరినది.

ఇక టైప్–సి లోని అసలు విడ్డూరానికి వస్తాము. అదే ఆల్టర్నేట్ మోడ్, మన మాటలో మారు విధానం. పైన చెప్పిన నాలుగు అతివేగ జతలను యు.ఎస్.బి. పనికి గాక పూర్తిగా మరొక పనికి వాడుకొనే వీలు ప్రమాణంలోనే కల్పించారు. 2014 సెప్టెంబరులో వీసా అనే ప్రమాణ సంస్థ, తెరలకు చిత్రాన్ని పంపే డిస్‌ప్లేపోర్ట్ సంకేతాలను ఈ పిన్నులపైనే పంపే విధానాన్ని ప్రకటించినది. మరుసటి సంవత్సరం ఇంటెల్ వారి థండర్‌బోల్ట్ 3 కూడా ఇదే సాకెట్టులోకి వచ్చి చేరినది. నాలుగు జతలనూ చిత్రానికి ఇవ్వవచ్చు. లేదా రెండు చిత్రానికి, రెండు యు.ఎస్.బి.కి పంచవచ్చు. ఏ పిన్ను ఏ పని చేయాలో చెప్పే ఇట్టి పంపకాలకు ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు అక్షరాలు పేర్లుగా పెట్టారు.

ఈ మార్పు ఒక సంభాషణతో జరుగుతుంది. సి.సి. తీగపై సెకనుకు మూడు లక్షల బిట్ల వేగంతో, ప్రతి సందేశానికీ చివర తప్పులు పట్టే ముప్పది రెండు బిట్ల సంఖ్యతో, రెండు పక్షాలు మాట్లాడుకొంటవి. కంప్యూటరు మొదట నీవు ఎవరవు అని అడుగుతుంది. తరువాత నీకు ఏ ఏ విద్యలు వచ్చునని అడుగుతుంది. అవతలి పరికరం సంఖ్యల జాబితా పంపుతుంది. అందులో 65281 ఉంటే డిస్‌ప్లేపోర్ట్ వచ్చునని అర్థం. ఆ విద్యలో నీకు తెలిసిన రీతులు ఏవని కంప్యూటరు మళ్లీ అడుగుతుంది. చివరకు ఆ విధానంలోకి ప్రవేశించుమని చెబుతుంది. ఇవతలివాడు ఎంతసేపైనా కాచుకొని ఉండడు. జవాబు సుమారు ముప్పది మిల్లీసెకన్లలోపల రావాలి.

ఈ వరుసలో ఒక మెట్టు ఉన్నది. దానిని తొలిసారి చదివేవాడు అనవసరమనుకొని దాటిపోతాడు. యు.ఎస్.బి. విధానంలో కంప్యూటరు వైపు రెండు జతలు పంపేవి, రెండు జతలు పుచ్చుకొనేవి. నాలుగు జతల డిస్‌ప్లేపోర్ట్‌లో నాలుగూ పంపేవే. అనగా నిన్నటి దాకా వినే పిన్నులు ఇప్పుడు మాట్లాడవలసి వస్తుంది. ఒక పక్షం మారి, రెండవ పక్షం ఇంకా మారకుండా ఉన్న ఆ క్షణంలో, ఒకే తీగ రెండు కొసలలో ఇద్దరూ విద్యుత్ సంకేతాన్ని తోస్తే? అందుకని ప్రవేశ సందేశం పంపకముందే పిన్నులన్నీ సురక్షిత స్థితి అనే మౌన స్థితికి రావాలని ప్రమాణం శాసిస్తుంది. ముందు మౌనం, తరువాత సందేశం, అంగీకారం వచ్చిన తరువాతనే కొత్త పంపకం. ఈ వరుసను నిలబెట్టవలసినది లోహం కాదు, కోడు. కోడులో రెండు పంక్తులు తారుమారైతే చూపుకు ఏమీ తెలియదు; చాలా పరికరాలతో పని కూడా జరిగిపోవచ్చు. కనుకనే ఈ కోడును పరీక్షించేవాడు ప్రమాణ పత్రాన్ని ఒక చేత, ప్రోగ్రామును ఒక చేత పట్టుకొని చదవాలి.

లినక్స్‌లో టైప్–సి కనెక్టరుకు ఆధారమైన కోడును ఇంటెల్ ఇంజనీరు హెయిక్కి క్రోగెరుస్ వ్రాశారు. అది ఒక్కసారిగా అంగీకరింపబడలేదు. పదికి పైగా సార్లు తిరగవ్రాసి పంపవలసి వచ్చినది. 2017 జూలైలో వెలువడిన 4.12 సంచికలో దానికి చోటు దొరికినది. మారు విధానాల వ్యవస్థ, డిస్‌ప్లేపోర్ట్ డ్రైవరు 2018 అక్టోబరులో వెలువడిన 4.19 సంచికలో చేరినవి. టోర్వాల్డ్స్ అప్పుడు కొంతకాలం విశ్రాంతి తీసుకొన్నందున ఆ సంచికను వెలువరించినది గ్రెగ్ క్రో–హార్ట్‌మన్. లినక్స్‌లో యు.ఎస్.బి. విభాగానికి పెద్ద దిక్కు కూడా ఆయనే.

ఇంత వడపోసిన తరువాత తప్పులు మిగలలేదా? మిగిలినవి. వాటిలో మూడింటిని చూస్తే పరీక్ష ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ చాలదో బోధపడుతుంది.

మొదటిది చిన్నది. డిస్‌ప్లేపోర్ట్ విధానం నుంచి బయటికి వచ్చినప్పుడు, తెర ఇక లేదన్న మాటను చిత్రవిభాగానికి డ్రైవరు చెప్పేది కాదు. కంప్యూటరు లేని తెరను ఉన్నదనుకొని దానికి చిత్రాలు పంపుతూనే ఉండవచ్చును. 2023లో దీనిని సరిదిద్దారు. లోపలికి పోయే దారిని చదివినంత శ్రద్ధగా బయటికి వచ్చే దారిని చదవకపోవడం మానవ స్వభావం.

రెండవది చిక్కుముడి. కెర్నెల్‌లో ఒకే సమయంలో అనేక పనులు నడుస్తవి. రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకేసారి మార్చకుండా దానికి తాళం వేస్తారు. కనెక్టరుకు ఒక తాళం ఉన్నది. పరికరాన్ని ఊడదీసినప్పుడు ఒక పని ఆ తాళాన్ని చేత పట్టుకొని, సాగుతున్న డిస్‌ప్లేపోర్ట్ పని ముగిసే వరకు కాచుకొని ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ పని ముగియాలంటే దానికి అదే తాళం కావాలి. ఇంటి యజమాని తాళంచెవి మొలలో దోపుకొని, లోపలి పనివాడు పెట్టె సర్ది వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె తెరవడానికి కావలసినది ఆ గుత్తిలోని చెవే. ఇద్దరూ అట్లానే ఉండిపోతారు. ఈ రెండు పనులూ వేరు వేరు చోట్ల వ్రాయబడినవి. ఒక్కొక్కదానిని విడిగా చదివితే ఏ తప్పూ లేదు. 2025లో చేసిన సవరణ ప్రకారం, డిస్‌ప్లేపోర్ట్ పని తాళం కోసం ఊరక నిలబడదు. అడిగి, దొరకకపోతే కొద్దిసేపు ఆగి, అవతలి పరికరం ఇంకా ఉన్నదా అని చూచుకొని మళ్లీ అడుగుతుంది. పరికరం పోయి ఉంటే తన పని మానుకొంటుంది.

మూడవది నాకు అన్నిటికంటె ముఖ్యమైనదిగా తోస్తుంది. పిన్నుల పంపకాలకు ఆరు పేర్లని చెప్పాను కదా. డ్రైవరులో ఆ ఆరు పేర్ల పట్టిక ఒకటి ఉన్నది. అవతలి పరికరం తనకు ఏ పంపకాలు వచ్చునో ఎనిమిది బిట్లలో చెబుతుంది. మొదటి బిట్టు ఒకటి అయితే ఎ, రెండవది అయితే బి, ఈ విధంగా. బిట్లు ఎనిమిది, పేర్లు ఆరు. మర్యాదగల పరికరం చివరి రెండు బిట్లను సున్నాలుగా ఉంచుతుంది. సరిగా తయారుచేయని పరికరం ఏడవ బిట్టును ఒకటిగా పెట్టి పంపితే? డ్రైవరు ఆరు పేర్ల పట్టికలో ఏడవ పేరు కోసం వెదకుతుంది. అక్కడ ఉండేది పట్టిక కాదు, జ్ఞాపకశాలలో దాని పక్కనున్న మరేదో. ఇట్టి హద్దుమీరడాన్ని కనిపెట్టే కాపలా ఉన్న యంత్రాలలో కెర్నెల్ అక్కడికక్కడే ఆగిపోతుంది. 1998లో షికాగోలో జరిగినట్లే, ఒక పరికరం చెప్పిన మాటకు యంత్రం మొత్తం ఆగిపోవడం.

ఈ కోడు 2018 నుంచి ఉన్నదే. చదివినవారు సమర్థులే. ప్రమాణ పత్రం ప్రకారం అందులో తప్పు లేదు కూడా. ఎందుకంటే ఆ రెండు బిట్లు సున్నాలుగా ఉండాలని పత్రం నమ్మకం. ప్రమాణాన్ని ఎదుట పెట్టుకొని చదివేవాడు, ప్రమాణాన్ని పాటించని వాని మాటను ఊహించడు. 2025లో చేసిన సవరణలో చేరినది ఒక చిన్న నిబంధన: ఆరు దాటితే ఆగు. బజారు కేబుళ్ల కథ 2016 నాటికే అందరికీ తెలుసు. సి.సి. తీగపై నిరోధకం అబద్ధం చెప్పగలదని తెలిసిన తరువాత కూడా, అదే తీగపై వచ్చే సంఖ్య అబద్ధం చెప్పగలదని ఈ ఒక్క పంక్తి విషయంలో తోచడానికి ఇన్ని సంవత్సరాలు పట్టినది.

పరీక్షకుల కష్టాన్ని కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. కంప్యూటర్లు, తెరలు, కేబుళ్లు, మధ్యపెట్టెలు కలిసి ఎన్ని జతలు కాగలవో, అన్నింటినీ బల్లపై పెట్టి తగిలించి చూడడం ఎవరికీ సాధ్యం కాదు. చాలా కంప్యూటర్లలో ఈ సంభాషణంతా కెర్నెల్‌కు వినబడనే వినబడదు. లోపలి చిన్న నియంత్రణ యంత్రమే దానిని నడిపి, ఫలితం మాత్రం కెర్నెల్‌కు చెబుతుంది. మిగిలినవాటిలో కెర్నెలే స్వయంగా మాట్లాడుతుంది. రెండు రకాలకూ ఒకే డ్రైవరు సరిపడాలి. థండర్‌బోల్ట్ విధానానికి ఇట్టి డ్రైవరు 2025 మార్చిలో వెలువడిన 6.14 సంచికలో గాని చేరలేదు. ఆ విధానం పుట్టి అప్పటికి దాదాపు పదేళ్లు.

డిస్‌ప్లేపోర్ట్ డ్రైవరు ఉన్న ఫైలు వెయ్యి పంక్తులకు మించదు. సి భాష కొంత నేర్చిన ఉన్నత పాఠశాల విద్యార్థి, ఉపాధ్యాయుని సాయంతో దానిని తెరిచి చూడవచ్చు. ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు పేర్ల పట్టిక అందులో సులభంగానే దొరుకుతుంది. దానిని చదివే చోట ఆ హద్దు నిబంధన కూడా.